గుర్రాలతో క్యాంపు: కోత పెట్టిన నాలుగు రోజులు

(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు పది రోజుల క్రితం ఫోను చేసి, "మీరు అమెరికా వెళ్ళొచ్చారు కదా, దాని గురించి ఓ అరగంట మాట్లాడండి" అన్నారు. అమెరికా గురించి చెప్పడానికి ఈ హాల్లో నాకంటే అర్హులు పాతికమందైనా ఉన్నారు. పిల్లలు అక్కడ ఉన్న ప్రతివారూ నయాగరా చూశారు, వాషింగ్టన్ చూశారు, కాస్ట్‌కోలో బండి తోశారు. అందుకని అవేవీ చెప్పను. అక్కడ ఒక కొండ అడవిలో గుర్రాలతో రెండు రాత్రులు గడిపాను. దాని గురించి చెబుతాను. దానితోపాటు నా సర్వీసులో నేను రాసిన ఒక కొర్రీ గురించి కూడా చెప్పాలి. అది చెప్పడానికే ఈ అవకాశం తీసుకున్నాను.

ముందుగా 'క్యాంపు' అనే మాట. మన పిల్లలకు క్యాంపు అంటే విహారం. మనకు క్యాంపు అంటే టి.ఏ. బిల్లు. "ఆఫీసరు గారు క్యాంపులో ఉన్నారు" అని మనం ముప్పయ్యేళ్ళపాటు కౌంటరు దగ్గరకొచ్చిన జనానికి చెప్పాం. అందులో కొన్నిసార్లు ఆయన నిజంగానే క్యాంపులో ఉండేవారు. (నవ్వులు)

మా అబ్బాయి ఆరెగాన్ రాష్ట్రంలో హిల్స్‌బరో అనే ఊళ్ళో ఉంటాడు. 2019లో నేనూ మా ఆవిడా అక్కడికి వెళ్ళాం. అప్పటికి నాకు అరవై ఎనిమిది. మా మనవరాలికి పదకొండేళ్ళు. దానికి గుర్రాల పిచ్చి. వీధి చివర ఇంట్లో ఒక పెద్దాయన, ఆయన భార్య ఉంటారు. ఆయన పోస్టాఫీసులో ఉత్తరాలు పంచే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఊరి బయట కొట్టంలో రెండు గుర్రాల్ని పెంచుకుంటున్నారు. మా మనవరాలు ఆదివారాలు వెళ్ళి వాటికి ఒళ్ళు రుద్దడం, లద్దె ఎత్తడం చేసేది. ఇంట్లో తిన్న కంచం ఎత్తని పిల్ల, అక్కడ లద్దె ఎత్తేది. జూన్ నెలాఖరున ఆయన, "మేం గుర్రాల్ని తీసుకుని కొండకు వెళుతున్నాం, మీరూ రండి" అని పిలిచారు. మా అబ్బాయి సందేహించాడు. నేను సందేహించలేదు. నేను గుర్రాలతో క్యాంపు చేసి నలభై నాలుగేళ్ళయిందని వాళ్ళెవరికీ తెలియదు.

కారు వెనక రైలుపెట్టెలాంటి బండి తగిలించి, అందులో రెండు గుర్రాల్ని ఎక్కించారు. నాలుగు గంటల ప్రయాణం. కాస్కేడ్స్ అనే పర్వతాల వరుసను శాంటియం కనుమ మీదుగా దాటాలి. ఆ కనుమ దగ్గర మైళ్ళ కొద్దీ చెట్లు మోడులై నిలబడి ఉన్నాయి. 2003లో అక్కడ వచ్చిన కార్చిచ్చులో దాదాపు 90 వేల ఎకరాలు కాలిపోయాయట. పదహారేళ్ళ తర్వాత కూడా ఆ మోడులు అలాగే ఉన్నాయి. వాటి కింద కొత్త మొక్కలు మాత్రం నడుమెత్తు పెరిగాయి.

కనుమ దిగగానే సిస్టర్స్ అనే చిన్న ఊరు. త్రీ సిస్టర్స్ అని మూడు మంచు శిఖరాలున్నాయి, వాటి పేరే ఊరికి వచ్చింది. మూడూ పదివేల అడుగులు దాటినవే. ఆ చుట్టుపక్కలంతా డెషూట్స్ నేషనల్ ఫారెస్టు. అందులో గుర్రాలవారి కోసమే కేటాయించిన క్యాంపులు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకదానికి వెళ్ళాం. మెటోలియస్ - విండిగో అని నూరు మైళ్ళ పొడవున గుర్రాల దారి ఒకటి అటుగా పోతుంది. చెట్లకు పసుపుపచ్చని పలకలు కొట్టి ఆ దారి చూపించారు.

క్యాంపంటే భవనాలేవీ లేవు. ఎత్తైన పాండెరోసా పైన్ చెట్లు. ఆ చెట్టు బెరడు దగ్గర ముక్కు పెడితే ఐస్‌క్రీము వాసన వస్తుంది. మా ఆవిడ నమ్మలేదు. వాసన చూశాక నాలుగు చెట్ల దగ్గరికి వెళ్ళి చూసింది. ఒక్కో కుటుంబానికి ఒక్కో జాగా, ఒక బల్ల, పొయ్యికి ఇనుప చట్రం, గుర్రాలకు కర్రల దొడ్డి. కాస్త దూరంగా మరుగుదొడ్డి. కరెంటు లేదు, ఫోను పలకదు. మేం కాక ఇంకో రెండు కుటుంబాలున్నాయి. గుర్రం గడ్డి నమిలే చప్పుడు తప్ప వేరే చప్పుడు లేదు. అంత నిశ్శబ్దం నేను రిటైరైన రోజు సాయంత్రం మా ఇంట్లో విన్నాను, మళ్ళీ అక్కడే విన్నాను.

ఇక గుమస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది? అక్కడి రూల్సు ఏమిటో చదవడం మొదలుపెట్టాను. మీకూ నచ్చుతాయని కొన్ని చెబుతాను.

గుర్రానికి తెచ్చే గడ్డికి సర్టిఫికెట్ ఉండాలి. నిజమే చెబుతున్నాను. పిచ్చిమొక్కల విత్తనాలు లేని గడ్డి అని ధ్రువీకరించిన మోపులే అడవిలోకి తేవాలి. లేకపోతే లద్దెతోపాటు ఆ విత్తనాలు అడవంతా మొలుస్తాయి. గడ్డి మోపుకు కూడా సర్టిఫికెట్ అడిగే గవర్నమెంటును చూసి నా ప్రాణం లేచొచ్చింది. (నవ్వులు)

గుర్రాన్ని చెట్టుకు నేరుగా కట్టరాదు. కడితే అది కాలితో తవ్వి వేళ్ళు బయటపెడుతుంది, బెరడు కొరుకుతుంది. దొడ్డి లేని చోట రెండు చెట్లకు వెడల్పాటి పట్టీలు చుట్టి, తల కంటే ఎత్తున తాడు లాగి, ఆ తాడుకు కట్టాలి. వాగుకు దూరంగా కట్టాలి. వెళ్ళేటప్పుడు లద్దె అంతా ఎత్తి, దొడ్డి ఊడ్చి వెళ్ళాలి. పొయ్యి ఆర్పేటప్పుడు నీళ్ళు పోసి, కలియబెట్టి, మళ్ళీ పోసి, ఆఖరుకు చేత్తో తాకి చూడాలి. చెయ్యి కాలితే ఇంకా ఆరనట్టే.

ఆ క్యాంపుల్ని చూసుకునే ఆయన సాయంత్రం వచ్చి పలకరించారు. రేంజరు కాదు, రిటైరైన బడిపంతులు. వేసవి నెలల్లో భార్యతో సహా వచ్చి, తన బండిలోనే మకాం పెట్టి, వచ్చినవాళ్ళకు దారి చెబుతూ, మరుగుదొడ్లలో కాగితం ఉందో లేదో చూస్తూ ఉంటారు. 'హోస్టు' అంటారు. ఇలాంటివాళ్ళు చాలామంది రిటైరైనవారేనట. జీతం కోసం కాదు, మకాం వేసుకునే జాగా ఉచితంగా ఇస్తారు, అంతే. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ చెబుతాను.

అక్కడి ఫారెస్టు సర్వీసు 1905లో ఏర్పడింది. గిఫర్డ్ పించో అనే ఆయన మొదటి అధిపతి. ఆ రోజుల్లో రేంజరుగా చేరేవాడు గుర్రాన్ని తానే తెచ్చుకోవాలి. జీను కూడా తనదే. పరీక్షలో గుర్రం మీద సామాను కట్టి చూపించాలి. మన దగ్గర టి.ఏ. రూల్సులో 'హార్స్ అలవెన్సు' అనే మాట మీలో పాతవారికి గుర్తుండే ఉంటుంది. గుర్రం ఎక్కడా లేదు గాని రూలు మాత్రం మన కాలం దాకా ఉంది.

ఇక డబ్బు కట్టే పద్ధతి. అక్కడ కౌంటరు లేదు, క్యాషియరు లేడు. ఒక స్తంభం దగ్గర కవర్లు పెట్టి ఉంటాయి. కవరు మీద మన బండి నంబరు, ఎన్ని రాత్రులు, ఎంత సొమ్ము అని మనమే రాసి, డబ్బు పెట్టి, ఒక ఇనుప గొట్టంలో వేయాలి. చిన్న చీటీ చింపి మన జాగా దగ్గర తగిలించుకోవాలి. అరవై రెండు దాటిన అమెరికా వాళ్ళకు సీనియర్ పాసు ఉంటుంది, వారికి సగమే రుసుము. ఆ పెద్దాయన పాసు నంబరు రాసి సగం వేశారు. ఎవరూ చూడటం లేదు. నేను ఉండబట్టలేక, "ఎవరూ తనిఖీ చేయరా?" అని అడిగాను. ఆయనకు నా ప్రశ్న అర్థం కాలేదు. "ఎందుకు?" అన్నారు.

అడిగితే చిన్న మాటే. నేను మాత్రం ఆ గొట్టం దగ్గర కాసేపు నిలబడిపోయాను.

రెండో రోజు పొద్దున ఆయన చిన్న వేలాడే కాటా తీశారు. గుర్రానికి రెండు వైపులా వేసే సంచుల్ని ఒక్కొక్కటీ తూచారు. ఒక వైపు అరకిలో ఎక్కువైతే అందులోంచి ఒక డబ్బా తీసి ఇటు వేశారు. "బరువు ఒక పక్కకు లాగితే జీను జారి వీపు కొట్టుకుపోతుంది" అని మా మనవరాలికి చెబుతున్నారు. గుర్రం ఎంత బరువుంటుందో అందులో అయిదో వంతు మించి దాని మీద వేయకూడదని వాళ్ళ లెక్క. అంటే నూటికి ఇరవై. జీనూ మనిషీ సామానూ అన్నీ కలిపి. మా మనవరాలు వేళ్ళ మీద లెక్క కట్టి, "తాతయ్యా, మన గుర్రం 450 కిలోలు, అంటే 90 కిలోలు" అంది.

నేను అక్కడే బల్ల మీద కూర్చుండిపోయాను. నాకు వేరే లెక్క గుర్తొచ్చింది.

1975 డిసెంబరు. నేను ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. ఆఫీసు పేరు చెప్పను, ఆఫీసరు పేరూ చెప్పను, వారి తప్పేం లేదు కూడా. పాడేరు ఏజెన్సీలో కొండ మీది గ్రామాల తనిఖీకి పదకొండు రోజుల క్యాంపు. జీపు వెళ్ళేంతవరకు వెళ్ళి, అక్కణ్ణించి నడక. సామానుకు మూడు తట్టు గుర్రాల్ని కిరాయికి మాట్లాడాం. వాటి యజమాని గిరిజనుడు, నలభై ఏళ్ళుంటాయి. మూడు గుర్రాలూ అతనివే. సంతకు అల్లం, పసుపు దింపి, ఉప్పూ కిరసనాయిలూ ఎక్కించుకుపోవడం అతని వృత్తి. గుర్రానికి రోజుకు అయిదు రూపాయలు, మనిషి కూలి అందులోనే. మొత్తం 165 రూపాయలు అవుతుంది.

ఒక గెడ్డ ఒడ్డున గుడారం వేశాం. చలికి పళ్ళు కొట్టుకునేవి. అతను రాత్రి గుర్రాల ముందుకాళ్ళకు బందాలు వేసి, పులి వస్తుందేమోనని పక్కనే మంట వేసి, ఆ మంట దగ్గరే పడుకునేవాడు. తను అంబలి తాగి, వాటికి మాత్రం ఉడకబెట్టిన ఉలవలు పెట్టేవాడు. ఒకసారి నేను చలికి నిద్రపట్టక ఆ మంట దగ్గరికి వెళితే, తన కంబళి సగం నా కాళ్ళ మీద కప్పాడు. ఆ వాసన, గుర్రం ఊపిరి, కట్టెల పొగ, అన్నీ ఆరెగాన్‌లో ఆ రాత్రి నాకు మళ్ళీ వచ్చాయి.

ఏడో రోజున ఒక గుర్రం కుంటింది. గంత తీసి చూస్తే వీపు మీద అరచేయంత పుండు. దిగుడులో జారి కాలు కూడా మెలికపడింది. మిగిలిన నాలుగు రోజులు అది సామాను మోయలేదు. దాని బరువును మిగతా రెండింటికీ సర్దాం, కొంత కూలీలు మోశారు. అతను దాన్ని నడిపించుకుంటూ, పుండుకు ఏదో ఆకు పసరు పూస్తూ మాతోనే వచ్చాడు.

క్యాంపు అయ్యాక బిల్లు రాసే పని నాది. నేను రికార్డు చూశాను. మూడో గుర్రం పనిచేసింది ఏడు రోజులే. నాలుగు రోజులు పనిచేయలేదు. నాలుగు అయిదులు ఇరవై. 165లో 20 కోత పెట్టి, 145 అని రాశాను. పక్కన ఎర్ర సిరాతో, "పనిచేయని దినములకు కిరాయి చెల్లించుటకు వీలులేదు" అని రాశాను. సూపరింటెండెంటు గారు చూసి, "కుర్రాడు రూల్సు బాగా పట్టాడు" అన్నారు. ఆ మాటకు నేను రెండు రోజులు గాలిలో తేలాను.

డబ్బు తీసుకోవడానికి అతను కొండ దిగి వచ్చాడు. వేలిముద్ర వేశాక లెక్కపెట్టుకున్నాడు. ఎందుకు తగ్గిందని అడిగాడు. నేను చెప్పాను. అతను కోప్పడలేదు. కాసేపు ఆలోచించి ఒకే మాట అన్నాడు:

"నడవనేదు బాబూ. కానీ తిన్నాది కదా."

నేను తల ఎత్తకుండా, "రూల్సు ఒప్పుకోవు" అన్నాను. అతను వెళ్ళిపోయాడు. నాకు తెలిసిన రూలు ఒకటే, పని లేని రోజుకు కిరాయి లేదని. కుంటడానికి కారణం ఎవరని ఏ రూలూ నన్ను అడగలేదు, నేనూ అడుక్కోలేదు.

ఆరెగాన్‌లో ఆ బల్ల మీద కూర్చుని లెక్క కట్టాను. మా రికార్డు పెట్టె 25 కిలోలు. ఆఫీసరు గారి మడత మంచం, పరుపు 20. కిరసనాయిలు డబ్బా 15. బియ్యం, పప్పు 20. మొత్తం 80 కిలోలు. ఆ తట్టు గుర్రం మహా అయితే 200 కిలోలుండేది. అయిదో వంతు అంటే 40. మేం వేసింది దానికి రెట్టింపు. వద్దని అతను మొదటిరోజే అన్నాడు. "పెట్టె వేరే దాని మీద వేద్దాం బాబూ" అన్నాడు. తాళంచెవి నా దగ్గరుంది, పెట్టె మంచంతోపాటు ఒకేచోట ఉంటే నాకు సుఖమని ఒప్పుకోనిది నేనే. అంటే గుర్రాన్ని కుంటిని చేసిందీ నేనే, కుంటినందుకు కిరాయి కోసిందీ నేనే.

ఇంకొక్క సంగతి చెప్పాలి. ఆ పెద్దాయన తెచ్చిన రెండు గుర్రాల్లో ఒకటే పనిచేస్తుంది. రెండోది ముసలిది, ఇరవై ఆరేళ్ళు. గుర్రానికి అది మన ఎనభైకి దగ్గర. పళ్ళు అరిగిపోయాయి, దాణా నానబెట్టి పెడతారు. దాని మీద ఎవరూ ఎక్కరు, ఏమీ వేయరు. దాని తాడు నా చేతికిచ్చారు. ఇద్దరం సమానంగా కుంటుతూ నడిచాం. "పని చేయనిదాన్ని ఇంత దూరం ఎందుకు తెచ్చారు?" అని అడిగాను. ఖర్చు గురించే అడిగాను, నా బుద్ధి మీకు తెలుసు. రోజుకు ముప్పయి లీటర్ల నీళ్ళు, ఏడెనిమిది కిలోల గడ్డి, అంత పెట్రోలు.

ఆయన చెప్పింది ఇది. "గుర్రం ఒంటరిగా ఉండలేదు. దీన్ని ఇంట్లో వదిలితే అది బెంగపెట్టుకుంటుంది, ఇదీ పెట్టుకుంటుంది. పైగా ఈ దారులన్నీ పదిహేనేళ్ళు నన్ను మోసింది. ఇప్పుడు నా వంతు."

ఆ రాత్రి పొయ్యి దగ్గర నేను ఆ ఇరవై రూపాయల సంగతి ఆయనకు చెప్పాను. నాది రూల్‌బుక్కు ఇంగ్లీషు. ఆయనకు ఎంత అర్థమైందో తెలియదు. మా అబ్బాయి కూడా మొదటిసారి విన్నాడు. ఎవరూ ఓదార్పు మాటలు చెప్పలేదు, అది మేలైంది. కాసేపటికి ఆయన లేచి, పొయ్యిలో నీళ్ళు పోసి, కలియబెట్టి, చేత్తో తాకి చూశారు. "ఇంకా వేడిగా ఉంది" అని మళ్ళీ నీళ్ళు పోశారు.

మిత్రులారా, ఈ రోజు డిసెంబరు 17. ఈ తేదీ మనకెందుకు పండగో ఇక్కడున్నవారందరికీ తెలుసు. పిల్లల కోసం చెబుతాను. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1979 మార్చి 31కి ముందు రిటైరైనవారికి ఒక లెక్క, తర్వాతవారికి ఒక లెక్క చెల్లదని చెప్పింది. పెన్షను దయాధర్మం కాదు, యజమాని ఇష్టం మీద ఆధారపడేదీ కాదు, చేసిన సేవకు ప్రతిఫలంగా వచ్చే హక్కు అని చెప్పింది. ఆ తీర్పు కాపీని మనం ఎన్నిసార్లు అర్జీలకు జతపరిచామో లెక్కలేదు.

అప్పుడు నేను ఆ తీర్పు పత్రికలో చదివి సంతోషించాను. ఎంత తెలివితక్కువవాణ్ణంటే, అదే మాటను ఏడేళ్ళ ముందే ఒక అక్షరం రాని మనిషి నా టేబులు ముందు నిలబడి చెప్పాడని అప్పుడు నాకు తోచలేదు. "నడవనేదు, కానీ తిన్నాది కదా." మనమీవేళ నడవడం లేదు. తింటున్నాం. ఇన్నాళ్ళూ మోశాం గనుక తింటున్నాం. మన డి.ఏ. అరియర్లకు కొర్రీ పడితే మనం ఎంత బాధపడతామో, రైల్లో సీనియర్ల రాయితీ 2020 మార్చిలో ఆపేసినప్పుడు ఎంత గింజుకున్నామో తలుచుకుంటే, నా ఎర్ర సిరా నాకే గుచ్చుకుంటుంది.

తిరిగొచ్చాక వెంటనే పాడేరు వెళదామనుకున్నాను. కరోనా వచ్చింది, మా ఆవిడకు ఆపరేషన్ జరిగింది. 2023 జనవరిలో గాని కుదరలేదు. ఇప్పుడది అల్లూరి సీతారామరాజు జిల్లా, పాడేరే జిల్లా కేంద్రం. ఆ ఊరు పేరు నేను మరిచిపోలేదు, అతని పేరూ మరిచిపోలేదు. వేలిముద్ర పక్కన ఆ పేరు రాసింది నేనే కదా. ఊరి కింద గెడ్డ దాకా రోడ్డు వచ్చింది. అక్కణ్ణించి ఒక మోటారు సైకిలు కుర్రాడు ఎక్కించుకుపోయాడు.

అతను లేడు. పోయి చాలా ఏళ్ళయింది. కొడుకున్నాడు, అతనికే అరవై దాటాయి. ఇంటి పక్క పాకలో ఇప్పటికీ ఒక గుర్రం ఉంది. రోడ్డు లేని పైఊళ్ళకు రేషను బియ్యం దానిమీదే ఎక్కుతాయట. నేను వివరంగా చెప్పాను. అతనికి ఆ క్యాంపు సంగతి తెలియదు. "మా అయ్య ఎప్పుడూ సెప్పనేదు బాబూ" అన్నాడు. ఆ కుంటి గుర్రం తర్వాత ఏమైందని అడిగాను. అదీ తెలియదన్నాడు.

ఇరవై రూపాయలు చేతిలో పెట్టి ఇది మీ బాకీ అంటే వెక్కిరించినట్టుంటుంది. వడ్డీ కట్టి ఇస్తే దానం చేసినట్టుంటుంది. అందుకని వెళ్ళేటప్పుడే మాడుగులలో పాతిక కిలోల ఉలవల బస్తా కొని తీసుకెళ్ళాను. "ఇది మీకు కాదు, గుర్రానికి" అన్నాను. అతను నన్ను వింతగా చూశాడు. తీసుకున్నాడు. గుప్పెడు తీసి అప్పుడే నానబోశాడు. నా మనసు తేలికపడిందని చెప్పను. ఆ బిల్లు ఎప్పుడో పాత రికార్డులతోపాటు చించేసి ఉంటారు. నేను మాత్రం దానికి కొత్త నోటు రాయలేను.

ఇక ముగిస్తాను. చివర్లో మళ్ళీ చెబుతానన్న సంగతి ఇది. ఆ క్యాంపులో రిటైరైన బడిపంతులు జీతం లేకుండా నలుగురికి దారి చెబుతూ ఉన్నాడని చెప్పాను కదా. మనకు అడవి అక్కర్లేదు. మన ట్రెజరీ ఆఫీసు వరండా చాలు. భర్త పోయిన నెలలోనే ఫ్యామిలీ పెన్షను కాగితాలు పట్టుకుని ఒక ఆడమనిషి వస్తుంది. ఏ ఫారం ఎక్కడ పెట్టాలో తెలియదు. లైఫ్ సర్టిఫికెట్‌కు వేలిముద్ర పడక ఒక ముసలాయన నాలుగుసార్లు తిరుగుతాడు. కౌంటరు అవతలున్న కుర్రాడు చెడ్డవాడు కాదు. 1975లో నాలాంటివాడే. రూల్సు బాగా పట్టినవాడు. అతనికి రూలు తెలుసు. ఎదుటి మనిషి వీపు మీద పుండు కనపడదు. మనకు రెండూ తెలుసు. ఎందుకంటే మనం ఆ బల్లకు రెండు పక్కలా కూర్చున్నాం.

కాబట్టి నేను సంఘానికి ఒక ప్రతిపాదన పెడుతున్నాను. వారానికి రెండు రోజులు, మంగళ, శుక్రవారాలు, పది నుంచి ఒంటి గంట వరకు, ట్రెజరీ వరండాలో మన సభ్యులిద్దరు ఒక బల్ల వేసుకుని కూర్చుందాం. ఫారాలు నింపిపెడదాం. కొర్రీ పడితే దానికి జవాబు రాసిపెడదాం. కొర్రీలు వేసి వేసి అలిసిపోయినవాళ్ళం, జవాబులు మనకంటే బాగా ఎవరు రాయగలరు? పై అధికారుల అనుమతి కోసం అర్జీ నేను రాసి తెచ్చాను, జేబులో ఉంది. అధ్యక్షుల వారు సంతకం చేస్తే సోమవారమే అందజేస్తాను. మొదటి మంగళవారం నేను కూర్చుంటాను. రెండో కుర్చీలోకి ఎవరొస్తారో ఈ సభ ముగిసేలోగా పేరివ్వమని కోరుతున్నాను.

 భోజనాలు సిద్ధమని సైగ చేస్తున్నారు. మనం నడవకపోయినా తినాలి కదా. (నవ్వులు)